మూడు కొత్త గీతలు

సముద్రంలో పగడానికి ఏటా ఒక్కో గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెట్టి, ఒకప్పటి నీళ్ల వేడి ఎంతో చెప్పడమే నా పరిశోధన.

మూడేళ్ల క్రితం కోసి తెచ్చిన పగడపు ముక్కను నిరుడు సీనియరక్క నాకిచ్చి వెళ్లింది. "సొంత చెల్లెలివనుకుని ఇస్తున్నానే" అంది.

ఈ రాత్రి ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని దానికి ఎక్స్‌రే తీశాను. కోసిననాటి ఫిల్ము పక్కన పెట్టి చూస్తే, పైన మూడు కొత్త గీతలున్నాయి. ఎండిపోయిన ముక్కకి! అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఇందులో మూడు గీతలు ఎక్కువున్నాయేంటి?"

"నేనిచ్చినప్పుడు రెండే."

"తెలిసే నాకు అంటగట్టావా?"

"చెబితే తీసుకునేదానివా?" అని పెట్టేసింది.

ముక్కను సొరుగులో పెట్టి మూయబోయాను. సాయంత్రం సరిగ్గా పట్టిన ముక్క ఇప్పుడు పట్టలేదు.