నాలుగు దాటి మూడు నిమిషాలు

“ఇంకా ఎంతమంది రావాలి?” అంటూ రెన్సి వేడి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“ఒక్కరు,” అన్నాడు లాంబర్తుస్, దారి మీది నుంచి చూపు తిప్పకుండా.

పొద్దున్నుంచి ఇది మూడో కాఫీ. మొదటి రెండూ తాగకుండానే చల్లారిపోయాయి.

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో ఈ కొస నుంచి ఆ కొసకు, కంకర దారుల వెంట తొమ్మిది వందల కిలోమీటర్ల సైకిల్ పోటీ అది. ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలి, ఎవరి సైకిల్ వాళ్లే బాగు చేసుకోవాలి. ఒకరి సాయం తీసుకోకూడదు. రెన్సి కొట్టు ముందు వేసిన ఈ బల్లే నాలుగో మజిలీ. సాయంత్రం నాలుగు లోపు ఇక్కడ ముద్ర వేయించుకోనివాళ్లు పోటీలో ఉండరు. ఆ ముద్ర లాంబర్తుస్ చేతిలో ఉంది.

పక్క బెంచీ మీద మోకాలికి కట్టుతో దోలుస్ కూర్చున్నాడు. కుపాంగ్ పట్నంలో బడిపంతులు. నిన్న మూడో మజిలీకి ఒక్క నిమిషం ఆలస్యంగా చేరాడు. అక్కడా బల్ల వెనక ఉన్నది లాంబర్తుసే. పేరు కొట్టేశాడు. దోలుస్ ఇంటికి పోకుండా, ఈయన ఇంకెవరిని కొట్టేస్తాడో చూడాలని బస్సెక్కి ఇక్కడికొచ్చాడు.

“చూశావా అక్కా ఆ చూపు? చేప కోసం కొంగ నిలబడ్డట్టు లేదూ?”

“పొద్దున్నుంచి పదిసార్లు ఆ మలుపుదాకా వెళ్లొచ్చాడు,” అంది రెన్సి. “అన్నం పెడతానన్నా వద్దన్నాడు.”

“ఇంకో పేరు కొట్టేస్తే గాని ఆకలెయ్యదేమో.”

లాంబర్తుస్‌కు అంతా వినబడింది. ఫోన్ తీసి చూసుకున్నాడు. అందులో దారి గీత మీద, రావాల్సిన ఆ ఒక్కరు ఎక్కడున్నారో చూపే చుక్క చాలా మెల్లిగా కదులుతోంది.

దోలుస్ కూడా తన ఫోన్‌లో చూశాడు. “యోవిటా అట. ఆసుపత్రిలో నర్సు, నలభై తొమ్మిదేళ్లు. ఇది మూడోసారి. రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది, పాపం. ఇంత మెల్లిగా అంటే సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నట్టుంది.” తలెత్తాడు. “సార్, జీపుందిగా. ఓసారి వెళ్లి చూసి రాకూడదా?”

“చుక్క కదులుతున్నంతసేపూ వెళ్లకూడదు.”

“మనిషేనా ఈయన?” అని రెన్సి దోలుస్‌ని అడిగింది.

నాలుగైంది. లాంబర్తుస్ రిజిస్టరు తెరిచి, కలం మూత తీశాడు.

అప్పుడు మలుపులో ఆమె కనబడింది. నడుందాకా ఎర్రటి దుమ్ము. తెగిన గొలుసు హ్యాండిల్‌కి వేలాడుతోంది. పల్లం రాగానే సైకిలెక్కి, ఒక కాలితో నేలను తన్నుకుంటూ వచ్చి, చేత్తో బల్లను పట్టుకుని ఆగింది.

“నెంబరు?”

“ముప్పై ఏడు.”

“నాలుగు దాటి మూడు నిమిషాలు.”

“ఏవండీ, నది దాటాక వెనక గేరు విరిగి, గొలుసు తెగిపోయింది. పద్నాలుగు కిలోమీటర్లు నడిచాను.”

“తెలుసు.”

“ముద్ర వెయ్యరా?”

“వెయ్యను.”

రెన్సి కొట్లోంచి గడియారం పట్టుకొచ్చింది. “ఏవండీ, ఇదిగో, ఇందులో ఇంకా నాలుగు కాలేదు!”

“అది ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. పొద్దున్నే చూశాను.”

దోలుస్ కుంటుకుంటూ లేచి వచ్చాడు. “నన్ను కొట్టేశారు, పోనివ్వండి. నేను ఎక్కడా చెప్పను. ఈవిడకు వెయ్యండి సార్.”

“మీకో లెక్క, ఆవిడకో లెక్క ఉండదు.”

“అదే మీ ఆవిడైతే?” అంది రెన్సి.

“కొట్టేస్తాను.”

“ఆ మహాతల్లి ఎవరో గాని, ఎట్లా కాపురం చేస్తోందో!”

యోవిటాకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, “వదిలెయ్యక్కా,” అంది. “ఆలస్యం ఆలస్యమే.” కలం తీసుకుని తన పేరు ఎదురుగా సంతకం చేసింది.

లాంబర్తుస్ ఆ పేరు మీద అడ్డగీత గీశాడు. వంకర పోయింది. ఇంకోసారి గీశాడు.

“ఇప్పుడు మీరు పోటీలో లేరు,” అన్నాడు. లేచి తన కుర్చీ ఆమె వెనక్కి జరిపి, తన సీసాలో నీళ్లు ఇచ్చాడు.

“ఇప్పుడొచ్చిందా జాలి?” అంది రెన్సి.

“ఇందాక ఇస్తే తప్పయ్యేది.”

ఆమె సీసా మొత్తం ఖాళీ చేసింది. రెన్సి కంచంలో మొక్కజొన్న అన్నం, కాల్చిన చేప పెట్టి తెచ్చింది. “తినమ్మా. తిని ఇంటికి ఫోన్ చెయ్యి, మీ ఆయనొచ్చి తీసుకెళ్తాడు.”

“ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరక్కా.”

“అయ్యో తల్లీ,” అంది రెన్సి. ఇంకో చేప వేసింది. యోవిటా తింటూ ఉంటే, కళ్లలోంచి నీళ్లు దుమ్ము మీద చారలుగా కారాయి. తుడుచుకోలేదు.

“వచ్చే ఏడు మళ్లీ వస్తాను,” అంది, ఎవరితోనో తెలియకుండా.

“దరఖాస్తులు జనవరిలో,” అన్నాడు లాంబర్తుస్, రిజిస్టరు మూస్తూ.

దోలుస్ నేల మీద ఉమ్మేసి, బెంచీ దగ్గరకు వెళ్లిపోయాడు.

లాంబర్తుస్ బల్ల మడిచి జీపులో పెట్టాడు. తర్వాత ముప్పై ఏడో నెంబరు సైకిల్ ఎత్తి, దాని సంచులు జాగ్రత్తగా విప్పి, వెనక కట్టాడు. యోవిటా చేయి కడుక్కుని, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

రెన్సి పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు పట్టుకుంది.

“ఆ రాతిమనిషి బండెందుకు ఎక్కావమ్మా? ఆరింటికి బస్సుంది. లేదంటే నా ఇంట్లోనే ఉండిపో. నీ ఉసురు పోసుకున్నవాడి పక్కన కూర్చుని పోతావా?”

యోవిటా తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుంది.

“మా ఆయనేనక్కా.”