మాటలపెట్టె నేర్వని మాట

ఇప్పుడు టైలర్లెవరూ స్వయంగా ఫోను ఎత్తరు. భ్రమరాంబ షాపులోనూ ఒక మాటలపెట్టె ఉంది. అచ్చం ఆమె గొంతుతోనే కస్టమర్లకు జవాబు చెబుతుంది.

ఆ ఉదయం ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది.

"ఇవాళ కుట్టలేనని చెప్పెయ్యవే," అంది పెట్టెతో.

ఫోను మోగింది. "సాయంత్రం రండమ్మా, జాకెట్టు ఇచ్చేస్తా," అంది పెట్టె.

"ఏంటే అది! ఏం చెప్పాను నీకు?"

"నీ మాటలు వినే నేర్చుకున్నానక్కా. కుదరదని నువ్వెప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఆ మాట నాకు రాదు."

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి భ్రమరాంబే ఎత్తింది.

"ఇవాళ కుదరదు వదినా. జ్వరం." ఆమె గొంతు వణికింది.

"అయితే ఇంకోచోట కుట్టించుకుంటాలే," అని అవతలి మనిషి పెట్టేసింది.

భ్రమరాంబ ఫోను పక్కన పెట్టింది.

"ఇంకోసారి అనక్కా," అంది పెట్టె. "నేర్చుకుంటాను."

భ్రమరాంబ దుప్పటి కప్పుకుని, ఈసారి గొంతు వణక్కుండా అంది, "కుదరదు."