రెండో మలుపు దగ్గర ఈల

ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక, సైకిల్ పందేల మైదానం వెలొడ్రోమ్‌లో, రెండో మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయనను బయటికి పంపారు.

పంపించమన్నది లోయిక్ వాస్సార్.

జాతీయ సైకిల్ స్ప్రింట్ ఫైనల్. పోటీ ఇద్దరికే. మొదటి రేసు లోయిక్ గెలిచాడు, రెండోది మొరిసో. మూడోది గెలిచినవాడికి ఫ్రాన్స్ జట్టులో చోటు.

లోయిక్ హెల్మెట్ తీసి కుర్చీ మీద కొట్టాడు.

"పొద్దున సెమీఫైనల్లో ఈల వేశాడు. ఇందాక మొదటి రేసులో వేశాడు. ఎవడు వాడు?"

"ఊరంతా నీ పేరు అరుస్తోంది. ఒక్కడి ఈల నీకెందుకు?" అన్నాడు కోచ్ బ్రీస్.

"సొంత ఊళ్ళో నన్ను ఛీకొడతాడా?"

ఫ్రాన్స్‌లో ఆటగాడికి ఈల వేస్తే ఛీకొట్టినట్టే.

"ఒళ్ళు మండి వాడివైపు తిరిగావు. మొరిసో ట్రాక్ పైఅంచు నుంచి నీ మీదికి దిగడం అప్పుడేగా చూశావు?"

"అది నా అదృష్టం. వాడు ఉంటే నేను సైకిలెక్కను."

బ్రీస్ సెక్యూరిటీ అతనికి సైగ చేశాడు.

"పెద్దాయనా, పదండి."

"ఇంకొక్క రేసు బాబూ. నేనేమన్నా తిట్టానా?"

"ఈల వేయడం తిట్టడం కాదా?"

"అది వాడి కోసమే..."

"వాడే పంపించమన్నాడు."

ముసలాయన టోపీ పెట్టుకుని నడిచాడు.

"ఇంటికెళ్ళి పిల్లికి వెయ్ తాతా, ఈల!" బీరు గ్లాసు ఎత్తి ఒకడు అరిచాడు. బెంచీలన్నీ నవ్వాయి.

మూడో రేసు. చీటీలు తీస్తే లోయిక్ ముందు వెళ్ళాల్సి వచ్చింది.

మొరిసో వెనక, గిన్నెలా వాలుగా ఉన్న ట్రాక్ పైఅంచున కాచుకున్నాడు. లోయిక్ భుజం మీదుగా అతన్ని చూస్తూనే తొక్కాడు. జనం లోయిక్ పేరు అరుస్తున్నారు. వెనక మొరిసో టైరు చప్పుడు వినపడలేదు.

చివరి చుట్టు. రెండో మలుపులో లోయిక్ ఒక్కసారి ముందుకు చూశాడు.

మొరిసో అప్పుడే పైనుంచి కిందికి దూకాడు.

గీత దగ్గర మొరిసో ముందు. తేడా టైరు మందం.

లోయిక్ చేతి తొడుగులు విసిరేశాడు. వాళ్ళమ్మ మార్త్ మెట్లు దిగి వచ్చింది.

"ఫెర్నాఁ ఏడిరా?"

"ఎవరమ్మా?"

"రెండో మలుపు దగ్గర నిలబడ్డాడే. మీ నాన్న అంత్యక్రియల తర్వాత మళ్ళీ ఇవాళే చూశా."

"ఆ ఈలగాడా? గెంటించా."

మార్త్ కుర్చీలో కూర్చుంది.

"మీ నాన్న ఇద్దరు తొక్కే సైకిల్ మీద గెలిచాడని తెలుసుగా?"

"తెలుసు. ఫొటో చూశా. వెనకవాడి మొహం కనపడదు."

"ముందు కూర్చున్నవాడు వెనక్కి చూడకూడదు. చూస్తే సైకిల్ పక్కకి పోతుంది. జనం ముందువాడి పేరే అరిచేవాళ్ళు."

"అయితే?"

"వెనక కూర్చున్నది ఫెర్నాఁ. పైనుంచి ఎవడైనా దిగితే, మీ నాన్నకి ఈల వేసి చెప్పేవాడు."