దక్షిణపు గది

"సూరు ఇంత కురసైతే వానజల్లు లోపలికొచ్చేస్తాది అమ్మగారూ!" నిచ్చెన మీంచి అరిచాడు మేస్త్రి గంగులు.

"వానకి తడిక కట్టుకుంటాం. పుష్యమాసపు ఎండ మాత్రం గుమ్మం దాటి మంచం దాకా రావాలి" అంది కింద నిలబడ్డ వర్ధనమ్మ.

"మరి ఏసంగికో?"

"రోహిణికార్తెలో సూర్యుడు నడినెత్తి మీదుంటాడు. ఆ ఎండకి ఈ చూరు చాలు."

గంగులు చూరు కొలత మళ్లీ చూసుకున్నాడు. ఇల్లు ఎటు తిరగాలో ఆడమనిషి చెప్పగా కట్టడం నర్సీపట్నంలో అతనికిదే మొదలు. పడమటి మట్టిగోడ మందంగా పెట్టించింది, దానికి కిటికీ వద్దంది. కిటికీలన్నీ కొండగాలి వచ్చే వైపే.

ఈ చదువంతా ఆమెకు అద్దెకొంప నేర్పింది. ఎండపొడ సోకని గది, చెమ్మ ఊరే గోడలు. అక్కడ కన్న బిడ్డలిద్దరూ దగ్గి దగ్గి ఆమె ఒళ్లోనే పోయారు. రెండో కాన్పు ఆమెనీ సగం తినేసింది. బిడ్డనెత్తుకుని కాస్త ఎండ కోసం వీధికీ పెరటికీ తిరిగిన రోజుల్లోనే, సూర్యుడు ఏ నెలలో ఎటు ఒరుగుతాడో కంఠతా వచ్చేసింది.

సాయంత్రం తాలూకా కచేరీ నుంచి భర్త సోమసుందరం వచ్చి గోడల మధ్య నిలబడ్డాడు.

"దక్షిణపు గది బాలింతకండీ. బిడ్డకి చెమ్మ సోకదు. ఈ ఇంట్లో పిల్లలు బతుకుతారని అత్తయ్యగారితో చెప్పండి."

"నీ ఇష్టం" అన్నాడు తలెత్తకుండా. ఆరని గోడని వేలితో గీస్తూ, "నిన్ను చాలా కష్టపెట్టాను వర్ధనం" అన్నాడు.

"పోనిద్దురూ."

అతను వెళ్లాక, మట్టి తొక్కుతున్న జోగులమ్మ ముసిముసిగా నవ్వింది. "ఏటమ్మగారూ, ఎన్నో నెల? మాకు సెప్పరేటి?"

వర్ధనమ్మ కూడా నవ్వింది. "ముందా గోడ మెత్తు జోగులమ్మా, బేగి ఆరాలి."

మాఘంలో ఇల్లు పూర్తయింది. గృహప్రవేశం ముందునాడు అత్తగారూ సోమసుందరమూ ఊళ్లో లేరు. వర్ధనమ్మ ఒక్కతే దక్షిణపు గదిలో కూచుంది. పొద్దుటెండ గుమ్మం దాటి వచ్చి పాదాల మీద పడింది. వెచ్చగా ఉంది, తను అనుకున్నట్టే. ఇక ఎన్నటికీ నిండని ఒళ్లో ఎవరో ఉన్నట్టు కొంగు సర్దుకుని, చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు రావికమతం దారిలో సన్నాయి వినబడింది. వర్ధనమ్మ హారతి వెలిగించి గుమ్మంలో నిలబడింది. బళ్లు వచ్చి ఆగాయి.

సోమసుందరం కొత్త పెళ్లాం దిగింది.