మూడేసి మైళ్లు

ఎండిపోతున్న కుంటలో వారానికి సరిపడా నీళ్లే మిగిలాయి. నిండు చెరువు అరవై మైళ్ల అవతల ఉంది.

"నాకది రెండు గంటల ప్రయాణం. నీ పొట్టి రెక్కలు మూడు మైళ్లకే అలసిపోతాయి. నీవల్ల కాదులేవే," అంది కొంగ.

"మూడు మైళ్లకో పొద చూసుకుని దిగుతాను మామా," అంది నీటికోడి.

"పొదల వెంట వెళితే దారి డెబ్బై అయిదు మైళ్లవుతుంది!"

"అయితే ఇరవై అయిదుసార్లు ఎగరాలి. రోజుకు అయిదు చొప్పున అయిదు రోజులు," అంటూనే అది బయల్దేరింది.

నాలుగో రోజు రెక్కలు నొప్పిపెట్టాయి. అయినా లెక్క తప్పలేదు.

అయిదో సాయంత్రం చెరువులో దాన్ని చూసి కొంగ నోరు తెరిచింది. "డెబ్బై అయిదు మైళ్లు ఎలా ఎగిరావే?"

"అంత దూరం నేనెక్కడ ఎగిరాను మామా? ఎగిరినప్పుడల్లా మూడు మైళ్లే," అంటూ నీటికోడి హాయిగా నీళ్లలో మునిగింది.