ఆ రోజు గడప దాటలేదు

జీపు దిగిన మనిషి కుళాయి దగ్గరున్న ఆడవాళ్లని అడిగాడు.

"ఫల్గుణ ఇల్లు ఎక్కడమ్మా?"

"ఆ పేరుగలోడు మా ఊళ్లో లేడు," అంది కనక. ఫల్గుణకి సొంత పిన్ని ఆమె.

ఆ కొండ ఊళ్లో అదే ఆనవాయితీ. బయటివాళ్లు ఏ పేరు అడిగినా లేడనే చెబుతారు. పోలీసులొచ్చినా అంతే, అడవిలోని అన్నలొచ్చినా అంతే.

"ఆయన జైల్లో ఉన్నాడని తెలుసు. భార్యతో మాట్లాడాలి."

రత్న బిందె ఠపీమని కింద పెట్టింది.

"నానే. ఏటి కావాల?"

"లా చదువుతున్నానమ్మా. టెర్రరిజం కేసుల్లో ఏ దేశం ఎలా నడుచుకుంటుందో రాస్తున్నాను. ఇంగ్లండులో కేసు పెట్టకుండా పద్నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. మన దగ్గర చార్జిషీటు లేకుండానే ఆర్నెల్లు ఉంచొచ్చు. ఆ తర్వాత బెయిలూ కష్టమే."

"మా ఆయన్ని పట్టుకుపోయి మూడేళ్లయింది. ఏ దేసం సట్టమైతే ఇంటికొస్తాడో అది సెప్పు!"

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో జాలి లేదు.

"ఒక్క మాట అడిగి వెళ్తాను. రికార్డు చేసుకోనా?"

"సేసుకో. ఊరంతా ఇనిపించు."

"మీ ఆయన మీద కేసు పెట్టారే, ఆ మందుపాతర పేలిన రోజు ఆయన ఎక్కడున్నాడు?"

రత్నకి ఒళ్లు మండింది. పోలీసులు అడిగి అడిగి అరగదీసిన ప్రశ్నే. చదువట, చదువు!

"ఇంట్లోనే ఉన్నాడు. గడప దాటలేదు."

పచ్చి అబద్ధం. ఆ రోజు పేలుడు విని పరిగెత్తింది ఫల్గుణే. నెత్తుటి ముద్దయి పడున్న కానిస్టేబుల్ని దుప్పటితో డోలీ కట్టి, మరొకడితో కలిసి రోడ్డుదాకా మోశాడు. ఆ సంగతి తెలిస్తే అన్నలు బతకనివ్వరు. పోలీసులు వింటే, పేలిన చోట నీకేం పని అంటారు. అందుకే ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుంది.

"ఆలోచించి చెప్పమ్మా. ఎవరికైనా సాయానికి వెళ్లాడా?"

"పోలీసోలకి సాయమా? మా ఆయనా? సచ్చినా సెయ్యడు!"

అతని ముఖం వాడిపోయింది. తాగడానికి నీళ్లడిగాడు.

కుళాయి పారుతూనే ఉంది. ఎవరూ చెంబు అందివ్వలేదు.

"బేగి ఎల్లు. జీపు పోతాది," అంది కనక.

నెల తిరక్కుండానే ఫల్గుణ బెయిలు అర్జీని కోర్టు కొట్టేసింది. పార్వతీపురంలో తమ లాయరు కృపావతి ముందు కూలబడి, రత్న డోలీ సంగతి మొదటిసారి బయటపెట్టింది.

కృపావతి తల పట్టుకుంది.

"మీ ఊరొచ్చినాయన, లా చదువుతున్నాయన, తిరిగి వెళ్తూ నా దగ్గరికొచ్చాడు. జైల్లో ఫల్గుణతో మాట్లాడాడట. ముఖం గుర్తుపట్టలేదు గానీ, గొంతు ఎక్కడో విన్నట్టుందట. పేలుడు రోజు సంగతి అడిగితే ఫల్గుణా నోరు విప్పలేదు. నువ్వు ఔనంటే సాక్ష్యం చెబుదామని వచ్చాడు. నీ మాట విని, ఇతను కాదనుకున్నాడు."

"ఫోన్ సెయ్యండమ్మా! అబద్దమాడినానని సెప్పండి!"

"చేశాననుకో. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అంటారు. రికార్డు ఉంది కదా."

"నాను పలానా అని ముందే సెప్పొచ్చు గదా ఆయన!"

"చెబితే ఆయన కోరుకున్న జవాబే ఇచ్చేదానివి. కోర్టులో అది నిలబడదు."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

కృపావతి ఫైలు మూసేసింది.

"గాయాలతో పోలీసు ఉద్యోగం వదిలేసి లా చదువుతున్నాడు. మీ ఆయన డోలీలో మోసి బతికించిన కానిస్టేబుల్ ఆయనే, రత్నా."