ముందు గుణించాలి

అనూరాధ చూపించిన అట్ట మీద 6 − 2 × (−5) అని ఉంది.

"మైనస్ ఇరవై" అంది ఝాన్సీ.

అన్న మరుక్షణమే తప్పని తెలిసింది. ఆరులోంచి రెండు తీసేసి, మిగిలిన నాలుగుని మైనస్ ఐదుతో గుణించేసింది. ముందు గుణకారం, ఆ తర్వాతే కూడికలూ తీసివేతలూ. చీపురుపల్లి హైస్కూల్లో ఏడో తరగతి పిల్లల చేత ఏటా ఆ మాట వల్లె వేయించేది తనే.

వెనకనున్న రంగనాథం గారు పక్కవాళ్లతో ఏదో మెల్లగా చెప్పారు. "నంబరు వెయ్యండి" అన్న మాట ఒక్కటే వినబడింది.

తల తిప్పి ఆయన ముఖం చూడాలనిపించింది. తిప్పకూడదని ముందే గట్టిగా చెప్పారు. గదిలో ఏసీ చలి ఎముకల్లోకి దిగుతోంది.

ఇదంతా జూలైలో మొదలైంది. ఓ రోజు బోర్డు మీద లెక్క చేసి జవాబు కింద గీత గీస్తుంటే, ముందు బెంచీలో కూర్చునే కుమారి లేచి, "మేడమ్, ముందు గుణించాల కదండి" అంది. క్లాసంతా నవ్వింది. ఝాన్సీ కూడా నవ్వేసి దిద్దింది. మర్నాడు మళ్లీ అదే జరిగింది. ఆ వారమంతా అదే వరస. ఏ గుర్తు ముందో, ఏది తర్వాతో, ఉన్నట్టుండి చెదిరిపోయేది. కాసేపటికి అంతా మామూలే. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి చూశారు. ఆ సాయంత్రమే ఆమె భర్త త్రినాథ్‌కి ఫోన్ చేశారు. అక్కణ్నుంచి విషయం ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్లి, చివరికి రంగనాథం గారి ముందుకొచ్చింది.

ఆయన దాచకుండా చెప్పారు. ఇలాగే వదిలేస్తే ఆమె ఇంక పాఠం చెప్పలేదు. ఈరోజు సవ్యంగా గడిస్తే మళ్లీ బడికి వెళ్లొచ్చు.

పొద్దున్న తలుపు దాకా వచ్చిన త్రినాథ్, "నీకు రాని లెక్కేటే? బెంగెట్టుకోకు" అన్నాడు. అన్నాడే గానీ, అతని గొంతులోనే బెంగ ఉంది.

అనూరాధ అట్ట మార్చింది. −3 + 4 × (−2).

"మైనస్ పదకొండు."

12 ÷ (−3) − 5.

"మైనస్ తొమ్మిది."

రెండూ ఒప్పే. ఝాన్సీ ఊపిరి పీల్చుకుంది. ఇందాక తప్పిన అట్ట మళ్లీ వచ్చింది. ఈసారి పదహారని ఠక్కున చెప్పింది. పోయిన పరువు తిరిగొచ్చినట్టయింది. అంతలోనే అనూరాధ అదే అట్ట ఇంకోసారి చూపించింది. ఝాన్సీ నోట మళ్లీ మైనస్ ఇరవయ్యే వచ్చింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. ఏడో తరగతి లెక్క దగ్గర ఇలా అయిపోతోంది. లెక్కలే పోతే తనకింక మిగిలేదేమిటి?

"కాసింత టైమివ్వండి మేడమ్. ఆలోసించి సెప్తాను" అంది.

అనూరాధ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "వద్దమ్మా. దిద్దుకోడానికి సూడకు. నోటికేటొస్తే అదే సెప్పు. తప్పయితే తప్పే."

ఎదుటివాళ్లకి ఆ మాట తేలికే. పిల్లల నోట్సుల్లో ఎర్రసిరాతో ఇంటూలు కొట్టిన మనిషికి తప్పని తెలిసీ పైకి చెప్పడం ఎంత కష్టమో ఝాన్సీకి తెలిసొస్తోంది.

చివరి అట్ట. −7 + 3 × (−4).

పదహారు. ముందు తట్టిన జవాబు అదే. అందులో ఏదో తేడా ఉందని కూడా లీలగా తెలుస్తోంది. కాసేపు ఊరుకుంటే సరిపోతుంది. అట్ట సరిగ్గా కనపడలేదంటే ఎవరూ కాదనరు. ఈలోగా మెల్లగా కూడబలుక్కుని ఒప్పు చెప్పేయొచ్చు. పెదవులు బిగబట్టుకుంది.

అనూరాధ ఆమె కళ్లలోకే చూస్తోంది.

"పదారు" అంది ఝాన్సీ. "తప్పని నాకు తెలస్తన్నాది మేడమ్. కానీ అదే వస్తన్నాది."

తెరిచి ఉన్న ఆమె మెదడు మీంచి సన్నటి కరెంటు తీగను పైకెత్తిన డాక్టర్ రంగనాథం, సరిగ్గా ఆ చోట ఒక చిన్న నంబరు కాగితం అంటించి, "తీగ తాకినప్పుడల్లా లెక్క తప్పుతోంది. గడ్డ తీసేటప్పుడు ఇక్కడ కత్తి తగలకూడదు, ఈవిడ లెక్కలు ఇక్కడున్నాయి" అన్నారు.